వెదురు బద్దలతో చంద్రుణ్ణి కొలిచిన సామంత చంద్రశేఖరుడు

మన సంఘం ప్రత్యేక సంచిక కోసం ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి రాయమని కార్యదర్శిగారు కోరారు. దేశనాయకుల గురించి, కవుల గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం పొరుగున ఉన్న ఒడిశాలో పుట్టి, కొండల నడుమ ఒక చిన్న సంస్థానంలోనే బ్రతుకంతా గడిపి, చంద్రుని నడకలోని తేడాలను పట్టుకున్న ఒక జ్యోతిష్కుని గురించి రాయదలచాను. ఆయన మహామహోపాధ్యాయ సామంత చంద్రశేఖర సింహ. ఒడిశాలో పఠాణీ సామంత అంటే చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఈ విషయం ఎంచుకోవడానికి కారణం ఉంది. గుమాస్తాగా నా సర్వీసులో ఒక తమాషా ఎన్నోసార్లు చూశాను. ఏటా సెలవుల జాబితా వచ్చేది. తీరా పండుగ దగ్గర పడేసరికి ఒక పంచాంగం ఈ రోజంటే మరొక పంచాంగం మర్నాడనేది. అప్పుడు సవరణ ఉత్తర్వు వచ్చేది. దాన్ని టైపు చేయించి నోటీసు బోర్డు మీద అంటించడం నా పని. ఆకాశంలో చంద్రుడు ఒక్కడే కదా, ఆయన రెండు తేదీల్లో ఎలా ఉంటాడు అనే సందేహం అప్పటి నుంచీ నాకు ఉండేది. ఆ సందేహానికి జవాబు ఈ మహనీయుని జీవితంలో దొరికింది.

చంద్రశేఖరుడు 1835 డిసెంబరు 13న ఖండపడా సంస్థానంలో రాజవంశానికి చెందిన కుటుంబంలో జన్మించాడు. ఆ ఊరు ఇప్పుడు నయాగఢ్ జిల్లాలో ఉంది. తండ్రి శ్యామబంధు సింహ, తల్లి విష్ణుమాలి దేవి. అంతకు ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోవడంతో, ఆనాటి ఆచారం ప్రకారం ఈ బిడ్డను నామమాత్రంగా ఒక ముస్లిం ఫకీరుకు అమ్మి తిరిగి తెచ్చుకున్నారట. మన పల్లెల్లో పుట్టిన బిడ్డను పెంట మీద వేసి తెచ్చుకుని పెంటయ్య, పెంటమ్మ అని పేరు పెట్టినట్లే అక్కడ పఠాణీ అన్న పేరు వచ్చింది. ఆ పేరే చివరిదాకా నిలిచింది.

చదువంతా ఇంటి దగ్గరే సాగింది. సంస్కృత వ్యాకరణం, కావ్యాలు, ధర్మశాస్త్రాలు చదివాడు. ఇంగ్లీషు రాదు. పదేళ్ళ వయసులో పినతండ్రి కొంత జ్యోతిషం నేర్పి, రాత్రిపూట ఆరుబయట నక్షత్రాలను చూపించాడు. అక్కడి నుంచి కుర్రవాడు తాళపత్ర గ్రంథాలు ముందేసుకుని స్వయంగా గణితం నేర్చుకున్నాడు. పదిహేనేళ్ళు వచ్చేసరికి గ్రహాలు ఏ రోజు ఎక్కడ ఉంటాయో లెక్క కట్టగలిగాడు. అప్పుడే చిక్కు వచ్చిపడింది. లెక్క చెప్పిన చోట గ్రహం కనిపించలేదు.

మనలో ఎవరికైనా అలాంటి స్థితి ఎదురైతే రెండు దారులున్నాయి. శాస్త్రం తప్పదు, నా కళ్ళదే దోషం అనుకుని ఊరుకోవచ్చు. లేదా శాస్త్రమంతా బూటకమని పుస్తకాలు అటక మీద పడేయవచ్చు. చంద్రశేఖరుడు రెండూ చేయలేదు. పూర్వులు తమ కాలానికి సరిగ్గానే చూశారని, శతాబ్దాలు గడిచేకొద్దీ చిన్న చిన్న తేడాలు పేరుకుంటాయని, మళ్ళీ చూసి సరిదిద్దడం తన విధి అని భావించాడు. ఇరవై మూడో ఏట నుంచి క్రమం తప్పకుండా చూసినది చూసినట్లు రాసిపెట్టుకోవడం మొదలుపెట్టాడు.

పరికరాలు కొనే మార్గం లేదు. కొనడానికి అవి ఎక్కడ దొరుకుతాయో కూడా తెలియదు. చెక్కతో, వెదురు బద్దలతో తానే చేసుకున్నాడు. వాటిలో పేరు పొందినది మాన యంత్రం. ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో బిగించిన రెండు కర్రలు. నిలువు కర్ర చివర కన్ను ఆనించి, అడ్డకర్ర మీది గుర్తుల ద్వారా రెండు నక్షత్రాల మధ్య దూరం ఎన్ని డిగ్రీలో, కొండ ఎత్తు ఎంతో చెప్పేవాడు. ఇవి కాక గోళ యంత్రం, చాప యంత్రం, నీటితో పనిచేసే స్వయంవహ యంత్రం కూడా ఉండేవి. అజీర్ణ వ్యాధి, నిద్రలేమి ఆయనను ఏళ్ళ తరబడి పీడించాయి. ఆ శరీరంతోనే రాత్రులు ఆరుబయట గడిపాడు.

ఇక చంద్రుని సంగతి. చంద్రుడు భూమిని 27 రోజుల 8 గంటలకు కొద్దిగా తక్కువ కాలంలో చుట్టి వస్తాడు. ఆ దారి గుండ్రం కాదు, కోలగా ఉంటుంది. దగ్గరికి వచ్చినప్పుడు సుమారు 3,63,000 కిలోమీటర్లు, దూరం పోయినప్పుడు సుమారు 4,05,000 కిలోమీటర్లు. దగ్గరగా ఉన్నప్పుడు వేగం, దూరంగా ఉన్నప్పుడు నెమ్మది. పైగా ఆ దారి సూర్యుని దారికి 5 డిగ్రీల పైచిలుకు వాలుగా ఉంటుంది. ఆ రెండు దారులు కలుసుకునే రెండు చోట్లకే మన పెద్దలు రాహువు, కేతువు అని పేరు పెట్టారు. అమావాస్య గానీ పౌర్ణమి గానీ ఆ చోట్ల దగ్గర జరిగితేనే గ్రహణం. అందుకే నెలనెలా గ్రహణాలు రావు. ఆ రెండు చోట్లు వెనక్కి జరుగుతూ 18 సంవత్సరాల 7 నెలలలో ఒక చుట్టు తిరుగుతాయి. పంచాంగంలో రాహుకేతువులు ఎప్పుడూ వక్రగతిలో నడవడం వెనుక ఉన్న సత్యం ఇదే.

పాత సిద్ధాంతాలకు ఇదంతా తెలుసు. అయితే చంద్రుణ్ణి భూమి ఒక్కటే లాగడం లేదు, సూర్యుడూ లాగుతున్నాడు. దానివల్ల నడకలో మరికొన్ని హెచ్చుతగ్గులు వస్తాయి. పూర్వపు గణకులు తమ లెక్కను ప్రధానంగా గ్రహణాల ద్వారా సరిచూసుకునేవారు. గ్రహణాలు వచ్చేది పౌర్ణమి, అమావాస్యలనాడే. చిక్కంతా అక్కడే ఉంది. ఆ హెచ్చుతగ్గులలో పెద్దవి రెండూ ఆ రోజుల్లో దాగి ఉంటాయి. మా ఆఫీసులో తనిఖీ రోజున రిజిస్టర్లన్నీ సక్రమంగా ఉన్నట్లే, గ్రహణం రోజున చంద్రుడు లెక్కకు దాదాపు సరిపోతాడు. మిగతా రోజుల్లో తప్పుతాడు.

సామంత చంద్రశేఖరుడు అన్ని తిథులలోనూ చంద్రుణ్ణి కొలిచాడు. అలా మూడు సవరణలు కనుగొన్నాడు. మొదటిది తుంగాంతరం. దీనివల్ల సప్తమి, అష్టమి ప్రాంతాల్లో చంద్రుడు పాత లెక్కకు రెండు డిగ్రీల పైన కూడా తప్పుకోవచ్చు. రెండోది పాక్షికం. ఇది చవితి, ఏకాదశి ప్రాంతాల్లో హెచ్చుగా ఉండి, పౌర్ణమి అమావాస్యలకు మాయమవుతుంది. డిగ్రీలో అరవయ్యో వంతును కళ అంటారు. ఈ సవరణ 38 కళల పైచిలుకని ఆయన కట్టిన లెక్క. నేటి లెక్క 39న్నర కళలు. మూడోది దిగంశం. ఇది సంవత్సరానికోసారి తిరిగి వచ్చే తేడా. ఆయన లెక్కకు 12 కళలు, నేటి లెక్కకు 11 కళల పైన.

ఐరోపాలో మొదటి తేడా టాలమీకి తెలుసు. మన దేశంలో పదో శతాబ్దపు మంజులునికీ తెలుసు. మిగతా రెండూ పదహారో శతాబ్దంలో టైకో బ్రాహీ పరిశీలనల వల్ల బయటపడ్డాయి. ఆ సంగతులేవీ చేరని కొండప్రాంతంలో కూర్చుని, దూరదర్శిని లేకుండా, ఒక్క మనిషి ఈ మూడింటినీ రాబట్టాడు. ఆశ్చర్యం కలిగించేది అది.

ఇంత చిన్న తేడాలతో మనకేమి పని అని కొందరికి అనిపించవచ్చు. చంద్రబింబం వెడల్పే సుమారు 31 కళలు. 38 కళలు తప్పితే తిథి ముగిసే వేళ గంటకు పైగా మారిపోతుంది. ఉపవాసం ఏ రోజో తేల్చే ఏకాదశి దగ్గరే ఈ తేడా హెచ్చుగా ఉండటం గమనించండి. రెండు డిగ్రీలు తప్పితే తిథి నాలుగైదు గంటలు అటూ ఇటూ అవుతుంది. జాతకం సంగతీ అంతే. ఒక్కొక్క నక్షత్రానికి 13 డిగ్రీల 20 కళలు. నక్షత్రం చివర పుట్టిన బిడ్డకు చంద్రుని లెక్క తప్పితే జన్మనక్షత్రమే మారుతుంది, దానితో దశలన్నీ మారతాయి. జాతకాన్ని నమ్మేవారికైనా, నమ్మనివారికైనా చంద్రుడు నిజంగా ఎక్కడున్నాడన్నది మొదటి ప్రశ్న.

చంద్రశేఖరుడు జ్యోతిషాన్ని నమ్మినవాడే. జగన్నాథస్వామి భక్తుడు. ఆచారపరుడు. భూమి కదలదని చివరిదాకా భావించాడు. గ్రహాలు సూర్యుని చుట్టూ, ఆ సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాయని ఆయన మతం. నేటి విజ్ఞానం దీన్ని అంగీకరించదు. అయినా కొలతలో మాత్రం నమ్మకానికి చోటివ్వలేదు. భక్తి ఉన్నందువల్లనే, స్వామి సేవ సరైన వేళకు జరగాలన్న పట్టుదల వల్లనే లెక్క సరిచేశాడని నేను అనుకుంటున్నాను. పూరీ జగన్నాథాలయ పర్వదినాల నిర్ణయానికి ఆయన సిద్ధాంతం ప్రమాణమైంది.

తన పరిశోధనంతా సిద్ధాంత దర్పణం అనే సంస్కృత గ్రంథంగా 2,500 శ్లోకాలలో, 24 ప్రకరణాలలో కూర్చాడు. అందులో 2,284 శ్లోకాలు సొంత రచన. తక్కినవి పూర్వ గ్రంథాలలోనివి. 1869 నాటికే రచన పూర్తయినా ముప్పై ఏళ్ళు తాటాకుల మీదే ఉండిపోయింది. కటక్ రావెన్షా కళాశాలలో అధ్యాపకుడైన యోగేశచంద్ర రాయ్ ఆయన గొప్పతనం గుర్తించి, ఇంగ్లీషులో విపులమైన పీఠిక రాసి, 1899లో కలకత్తాలో అచ్చు వేయించాడు. ఇంగ్లండులోని నేచర్ పత్రిక గ్రంథాన్ని సమీక్షించి, రచయితను టైకో బ్రాహీతో పోల్చింది. అంతకు ముందే, 1893లో, ప్రభుత్వం మహామహోపాధ్యాయ బిరుదు ఇచ్చింది. నెలవారీ పింఛను కూడా మంజూరు చేసింది. ఆ విధంగా ఆయన మన వర్గంవాడే అని చెప్పుకోవచ్చు. 1904 జూన్ 11న పూరీలో పరమపదించాడు.

అదే కాలంలో మద్రాసు నక్షత్రశాలలో ప్రభుత్వోద్యోగి అయిన చింతామణి రఘునాథాచార్యులు కూడా కంటికి కనబడే ఆకాశంతో సరిపోయే దృగ్గణిత పంచాంగం కోసం పాటుపడ్డారు. 1868 సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి ఆయన మన వనపర్తికి వచ్చారు. 1880లో మరణించారు. దృగ్గణితమా, పూర్వ సిద్ధాంతమా అన్న వాదం మన తెలుగునాట ఇంకా తెగలేదు. నా నోటీసు బోర్డు మీది సవరణ ఉత్తర్వుల మూలం అదే.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలంగాణ మీదుగా సాగి పూరీ, కోణార్క్ వైపు పోయింది. ఆ మధ్యాహ్నం మన వీధులన్నీ నిర్మానుష్యమైపోయాయి. తలుపులు, కిటికీలు బిగించుకుని కూర్చున్నవారే ఎక్కువ. సూర్యగ్రహణాన్ని వట్టి కళ్ళతో చూడకూడదన్నది నిజమే, తగిన రక్షణ ఉన్న అద్దాలు తప్పనిసరి. చంద్రగ్రహణానికి ఆ భయం లేదు. మాన యంత్రం పట్టుకుని బయట నిలుచున్న సామంతను తలచుకుంటే, ఆచారం పాటించడానికీ ఆకాశం చూడటానికీ వైరం లేదని తెలుస్తుంది.

భువనేశ్వరంలో ఆయన పేరిట నక్షత్రశాల 1990లో వెలసింది. 2001లో తపాలాబిళ్ళ వచ్చింది. పూరీ యాత్రకు వెళ్ళే మిత్రులు ఒక పూట ఆ నక్షత్రశాలకు కేటాయించవలసిందని కోరుతున్నాను. మనుమలను, మనుమరాళ్ళను వెంట తీసుకువెళితే మరీ మంచిది. పెద్దలు చెప్పినదాన్ని గౌరవించడం, దాన్ని మళ్ళీ ఒకసారి సరిచూసుకోవడం, రెండూ ఒకే మనిషిలో ఇమిడి ఉండవచ్చని వారికి చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.