పిల్లల మచ్చను మళ్లీ చూసిన డాక్టర్ సోఫీ స్పిట్జ్

బిడ్డ చెంప మీద ఎర్రని బుడిపె లేచి, కొద్ది నెలల్లోనే పెరిగిందనుకోండి. ముక్క తీసి పరీక్షకు పంపితే, రిపోర్టులో మెలనోమా, అంటే ప్రాణాంతకమైన చర్మ క్యాన్సర్, అని వస్తే ఏ తల్లి తట్టుకోగలదు? అలాంటి రిపోర్టులు రాసే బాధ్యతను భయంతోనూ, సత్యంతోనూ మోసిన ఒక వైద్యురాలిని ఈ వారం మేము జ్ఞాపకం చేసుకుంటున్నాము.

సోఫీ స్పిట్జ్ 1910లో అమెరికాలోని నాష్‌విల్‌లో పుట్టారు. 1932లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య ముగించి, పాథాలజీని ఎంచుకున్నారు. న్యూయార్క్‌లోని మెమోరియల్ ఆసుపత్రిలో పనిచేస్తుండగా ఒక చిక్కు ఆమెకు ఎదురైంది. కొందరు పిల్లల మచ్చలు మైక్రోస్కోపులో అచ్చం పెద్దల మెలనోమాలాగే కనిపించేవి. అయినా ఆ పిల్లల్లో చాలామంది బతికి, ఎదుగుతున్నారు.

ఆమె 13 మంది పిల్లల స్లైడులను పరిశీలించి, తరువాత వారికి ఏమైందో చూసి, 1948లో ప్రచురించారు. 12 మంది క్షేమంగా ఉన్నారు. ఒక్కరు మాత్రం వ్యాధి పాకి చనిపోయారు. ఆ ఒక్కరిని ఆమె దాచలేదు. అందుకే మెలనోమా అనే పేరును పూర్తిగా విడిచిపెట్టలేదు కూడా. వీటిలో అత్యధికం క్యాన్సర్ కాదని తరువాతి వైద్యులు గ్రహించి, స్పిట్జ్ నీవస్ అని ఆమె పేరే పెట్టారు. ఆ పేరు స్థిరపడకముందే, 1956లో, 46వ ఏట పెద్దపేగు క్యాన్సర్‌తో ఆమె కన్నుమూశారు.

పైరూపాన్ని బట్టి తీర్పు తీర్చకూడదని మనం మనుషుల విషయంలో చెప్పుకుంటాం. ఆమె కణాల విషయంలో అది పాటించారు. ఈనాటికీ కొన్ని గడ్డలు నిపుణులను తికమకపెడుతున్నాయి. వయసు, గడ్డ ఆకారం, లోతు, అడుగున కణాలు విభజన చెందుతున్నాయా అన్నవి చూస్తారు. అవసరమైతే జన్యు పరీక్షలూ చేయిస్తారు.

కాబట్టి తల్లిదండ్రులారా, పెరుగుతున్న మచ్చకు దారం కట్టకండి, సున్నం రాయకండి. చర్మవైద్యునికి చూపించండి. తీసిన గడ్డను తప్పక పరీక్షకు పంపించండి. రిపోర్టు అనుమానంగా ఉంటే ఆ స్లైడులనే చర్మ పాథాలజీ తెలిసిన మరొకరికి చూపించమని అడగండి. అలా అడగడం అవిశ్వాసం కాదు. పెద్దలారా, పిల్లలకు తరచు హానిచేయని మచ్చే మీకు ప్రమాదం కావచ్చు. మన రంగు చర్మంలో మెలనోమా అరికాలిలోనూ, గోటి కిందా దాక్కుంటుంది. అక్కడ కూడా చూసుకోండి.

తొందరపడి భయపెట్టకుండా, తొందరపడి ఓదార్చకుండా నిజం కోసం ఆగడం కూడా ప్రేమే.