పండగ పెట్టె పంపిన మేరీ రాకుమారి

సంక్రాంతికో దసరాకో లీవు దొరక్క పోస్టులో డ్యూటీ చేసిన ప్రతి సిపాయికీ ఇంటినుంచి వచ్చే పార్శిలు విలువ తెలుసు. అరిసెలు ముక్కలై వచ్చినా సెక్షనంతా పంచుకుని తినేవాళ్ళం. అలాంటి పార్శిలు ఒక సైన్యం మొత్తానికి పంపాలని తలచిన పదిహేడేళ్ళ అమ్మాయి జీవితం గురించి మన సభ్యులకు నాలుగు మాటలు చెప్పదలిచాను.

ఆమె మేరీ రాకుమారి. 1897 ఏప్రిల్ 25న ఇంగ్లండులోని సాండ్రింగ్‌హామ్‌లో పుట్టింది. ఐదవ జార్జి చక్రవర్తికి ఒక్కగానొక్క కూతురు. ఐదుగురు అన్నదమ్ముల మధ్య పెరిగింది.

1914 ఆగస్టులో బ్రిటన్ మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగింది. ఆ ఏటి క్రిస్మస్‌కు ఫ్రంటులో ఉన్న ప్రతి సైనికునికీ, నావికునికీ ఒక కానుక అందాలని ఆమె కోరిక. సొంత డబ్బుతోనే పంపాలనుకుంది గానీ అది అయ్యే పని కాదని పెద్దలు చెప్పారు. దాంతో అక్టోబరులో ఆమె పేరుమీద ఒక నిధి పెట్టి ప్రజలను చందాలు అడిగారు. చాలావరకు సామాన్యులు పంపిన చిన్న చిన్న మొత్తాలే వచ్చాయి. అన్నీ కలిపి 1,62,591 పౌండ్లు అయ్యాయి.

కానుక ఒక చిన్న ఇత్తడి పెట్టె. మూతమీద రాకుమారి బొమ్మ. పొగతాగేవారికి పొగాకు, సిగరెట్లు, పైపు, లైటరు. తాగనివారికి బిళ్ళలు, ఉత్తరాలు రాసుకునే కాగితాలు, పెన్సిలు. నర్సులకు చాక్లెట్లు.

ఆ చలికాలం మన లాహోర్, మీరట్ డివిజన్లు కూడా ఫ్రాన్సు కందకాల్లో ఉన్నాయి. అప్పుడు మనవాళ్ళు పోరాడింది పరాయి పాలకుల కోసమే. అయినా కానుకల పద్దులో మనవాళ్ళను మరిచిపోలేదు. గూర్ఖాలకు బ్రిటిష్ సైనికులకిచ్చినవే ఇచ్చారు. పొగాకు ముట్టని సిక్కులకు సిగరెట్లు తీసేసి పటికబెల్లం, మసాలా దినుసుల డబ్బా పెట్టారు. మిగతా భారత సైనికులకు సిగరెట్లు, పటికబెల్లం, మసాలా డబ్బా. భిస్తీలు అనే పేరుకింద చేర్చిన ఫాలోయర్లకు కూడా మసాలా డబ్బా అందేలా చూశారు. ఎవరు ఏం తింటారో కనుక్కుని ఇవ్వడం ఎంత పనో లంగరు నడిపినవారికి నేను చెప్పనక్కరలేదు.

క్రిస్మస్ నాటికి 3,55,000కు పైగా పెట్టెలు చేరాయి. తర్వాత ఇత్తడికి కరువొచ్చింది. అమెరికా నుంచి తెప్పిస్తున్న ఇత్తడి కొంత 1915 మేలో లూసిటానియా ఓడతోపాటు సముద్రం పాలైంది. అయినా పని ఆపలేదు. 1920లో నిధి మూసేనాటికి సుమారు 25 లక్షల పెట్టెలు పంచారు. చనిపోయిన సైనికుల భార్యలకూ, తల్లిదండ్రులకూ ఇచ్చారు. యుద్ధఖైదీల వాటా తీసి ఉంచి, తిరిగి వచ్చాక అందించారు. నన్ను ఎక్కువగా కదిలించింది ఈ సంగతే.

1918లో ఆమె నర్సింగు నేర్చుకుని లండన్‌లో పిల్లల ఆసుపత్రిలో పనిచేసింది. 1922లో యుద్ధంలో పనిచేసిన సైనికాధికారి లాసెల్స్‌ను పెళ్ళాడింది. ఇద్దరు కొడుకులు. 1935లో రాయల్ సిగ్నల్స్‌కు కర్నల్ ఇన్ చీఫ్ అయింది. రెండో ప్రపంచయుద్ధంలో మహిళా సైనిక దళం ఏ.టి.ఎస్. బాధ్యత తీసుకుని యూనిట్లు తిరిగింది.

ఆ యుద్ధంలోనే ఆమె పెద్దకొడుకు జార్జి 1944 జూన్‌లో ఇటలీలో గాయపడి జర్మన్లకు చిక్కాడు. అతన్ని కోల్డిట్జ్ కోటలో బంధించారు. ఒకప్పుడు ఖైదీల వాటా తీసి ఉంచిన నిధికి పేరిచ్చిన ఆమె, ఆ ఏడు క్రిస్మస్‌కు తానే ఒక ఖైదీ తల్లి. 1945లో కొడుకు క్షేమంగా ఇల్లు చేరాడు. ఆమె 1965 మార్చి 28న హేర్‌వుడ్‌లో కన్నుమూసింది.

రాజుగారి బిడ్డ కాబట్టి చేయగలిగింది అనేవారుంటారు. కానీ డబ్బు ఇచ్చింది మామూలు జనం. మన కాలనీల్లోనూ కొడుకు డ్యూటీలో ఉన్న ముసలి తల్లిదండ్రులున్నారు, వీరనారులున్నారు. పండగకు వారం ముందే వాళ్ళ ఇళ్ళ పేర్లు రాసుకుని, ఎవరికి ఏం కావాలో కనుక్కుని, పండగరోజు మనమే వెళ్దాం. పెన్షనర్లం తలా కొంచెం వేసుకుంటే అయ్యే పనే. జైహింద్.