ఎక్స్‌రేకు తొలి చేయి

నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రిలోనో, ఉప్పల్‌ చౌరస్తా దగ్గరి డయాగ్నస్టిక్‌ సెంటర్‌లోనో ఎక్స్‌రే తీయించుకుని, ఆ నల్లటి ఫిల్మును మీరూ వెలుతురుకు ఎత్తి పట్టి చూసే ఉంటారు. విరిగిన ఎముకను డాక్టరు ఇట్టే గుర్తుపడతారు. విరగని ఎముక ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు కాబట్టే అది సాధ్యం. అంటే, ఏ జబ్బూ లేనివారు ఎవరో ముందుగా తమ శరీరాన్ని చూపించి ఉండాలి. అలా చూపించిన తొలి మనిషిగా చరిత్రకెక్కింది ఎక్స్‌రేను కనిపెట్టిన రాంట్‌జెన్‌ భార్యే.

విల్‌హెల్మ్‌ రాంట్‌జెన్‌ 1845 మార్చి 27న జర్మనీలోని లెన్నెప్‌లో, బట్టల వ్యాపారి ఇంట ఒక్కగానొక్క కొడుకుగా పుట్టారు. బాల్యం నెదర్లాండ్స్‌లో గడిచింది. టీచరును వెక్కిరిస్తూ వేరెవరో గీసిన బొమ్మకు నింద తన మీద పడటంతో బడి నుంచి వెళ్లగొట్టారు. అయినా చదువు ఆపలేదు. జ్యూరిచ్‌ వెళ్లి ఇంజినీరింగ్‌, ఆపై డాక్టరేట్‌ పూర్తిచేశారు. 1872లో అక్కడి అమ్మాయి అన్నా బెర్తాను పెళ్లాడారు. వారికి పిల్లలు లేరు. బెర్తా సోదరుడి కూతురినే పెంచుకున్నారు.

1895 నవంబరు 8. వూర్జ్‌బర్గ్‌ విశ్వవిద్యాలయంలోని ల్యాబ్‌లో చీకటి చేసుకుని, నల్ల అట్ట చుట్టిన గాజు గొట్టంలోకి కరెంటు పంపుతున్నారు. కాస్త దూరంలో రసాయనం పూసిన తెర మిలమిలలాడింది. అట్టను దాటి వస్తున్న ఆ కిరణాలేమిటో తెలియక, లెక్కల్లో తెలియని విలువకు పెట్టినట్టే ‘ఎక్స్‌’ అని పేరు పెట్టారు. వారాల తరబడి ల్యాబ్‌ వదల్లేదు. డిసెంబరు 22న బెర్తాను పిలిచి, ఫొటో పలక మీద చేయి పెట్టమన్నారు. ఆమె సుమారు పావుగంట కదలకుండా ఉంచారు. వేళ్ల ఎముకలు, వాటి మీద నల్లగా ఉంగరం కనిపించాయి. అది చూసి తన చావునే చూసినట్టు ఆమె భయపడ్డారని చెబుతారు.

ఆ కిరణాల హాని అప్పటికి ఎవరికీ తెలియదు. అమెరికాలో ఎడిసన్‌ దగ్గర పనిచేసిన క్లారెన్స్‌ డాలీ పరీక్షల కోసం పదేపదే తన చేతులే అడ్డుపెట్టారు. చివరికి చేతులు తీసేయాల్సి వచ్చింది. 1904లో కన్నుమూశారు. అవసరం లేకుండా ఎక్స్‌రే, సీటీ తీయకూడదన్న నియమం వెనుక ఇలాంటి ప్రాణాలున్నాయి.

రాంట్‌జెన్‌ పేటెంటు తీసుకోలేదు. 1901లో భౌతికశాస్త్రంలో తొలి నోబెల్‌ ఆయనదే. ఆ సొమ్మును తన విశ్వవిద్యాలయానికే ఇచ్చేశారు. 1919లో బెర్తా పోయారు. 1923 ఫిబ్రవరి 10న, 77 ఏళ్ల వయసులో పేగు క్యాన్సర్‌తో ఆయనా కన్నుమూశారు.

బెర్తా చేసిన పని నేటికీ ఆగలేదు. మన హైదరాబాద్‌ ట్రిపుల్‌ ఐటీ పరిశోధకులు 50 మంది పురుషులు, 50 మంది స్త్రీలు, అంతా ఆరోగ్యవంతులే, వారి ఎంఆర్‌ఐలతో భారతీయుల మెదడు నమూనాను రూపొందించి 2019లో వెల్లడించారు. పాశ్చాత్యుల మెదడుతో పోలిస్తే మనది సగటున కాస్త చిన్నదని తేలింది. వారి కొలతలతో చూస్తే మన పెద్దవాళ్ల మామూలు మెదడు కూడా కుంచించుకుపోయినట్టు పొరబడే ప్రమాదం ఉంది. ఆ వందమంది ఇచ్చిన కొద్ది సమయం విలువ అదీ!

రేపు మిమ్మల్నీ ఎవరైనా ఇలా అడగొచ్చు. ఎంఆర్‌ఐలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. అయినా ఒప్పుకొనేముందు ఇవి చూసుకోండి:

• ఎథిక్స్‌ కమిటీ అనుమతి ఉందా? సమ్మతి పత్రం మీకు తెలిసిన భాషలో ఉందా?

• పేస్‌మేకర్‌, ఒంట్లో లోహపు ముక్కలు, గర్భం ఉంటే ముందే చెప్పండి.

• స్కాన్‌లో అనుకోని సమస్య బయటపడితే మీకు చెబుతారా?

• కారణం చెప్పకుండానే ఎప్పుడైనా మానుకొనే హక్కు మీకుంది.

పాపం, బెర్తాకు ఇవేవీ చెప్పేవారు లేరు. మీరు మాత్రం అన్నీ అడిగాకే చేయి చాపండి.