నక్షాల నుండి నిజాము కొలువుకు

1844లో మీరట్టు సమీపాన సర్ధానాలో జన్మించిన రాజా దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగు అభ్యసించి, ఇండోరు ప్రజాపనుల శాఖలో నక్షాలు గీసే ఉద్యోగంలో చేరాడు. ముప్పయ్యో యేట గాని కెమెరా పట్టలేదు. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండు తిరిగి పురాతన కట్టడాలను చిత్రించాడు. 1886లో వెలువడిన గ్రిఫిన్ గ్రంథానికి ఆ చిత్రాలే ప్రాణం. నిట్టనిలువుగా నిలిచిన ఆ గోడల అంచులలో నక్షాలు గీసిన చెయ్యే కనిపిస్తుంది.

ప్రభువులకు చిత్రాలు సమర్పించడం ఆనాడు సామాన్యమైన పని కాదు. బరువైన గాజుపలకలను పగలకుండా మోసుకొని రావాలి. కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని పలకకు ఆనించి ఎండలో అచ్చు తీయాలి. బంగారు లవణ ద్రావణంలో వన్నె దిద్దాలి. దళసరి అట్టలపై అంటించి, వరుస కూర్చి, ఆల్బముగా కుట్టించాలి. పెద్ద చిత్రం కావాలంటే పలకే పెద్దది కావాలి. పలక పగిలిందా, ప్రయాణమంతా వృథా!

ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించి, ముసవ్విర్ జంగ్ బిరుదునిచ్చాడు. సికిందరాబాదులో స్టూడియో వెలిసింది. 1892లో హైదరాబాదులో ఘోషాస్త్రీలకై వేరొక స్టూడియో తెరిచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల వనితకు అప్పగించాడు. పరదా మర్యాద ఎరిగినవాడు! 1905లో ఆయన కన్నుమూశాడు. వంశీయులు కాపాడిన గాజుపలకలు, రెండున్నర వేలకు పైబడినవి, 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి.