పాత లారీ ఇంజన్ కొనబోతున్నారా? ముందు డీజిల్ కథ తెలుసుకోండి

పంటను యార్డుకు చేర్చుకోవడానికో, సీజన్లో కిరాయికి తిప్పుకోవడానికో నలుగురు కలిసి పాత లారీ కొనాలనుకునే రైతులు ఉంటారు. బేరానికి వెళ్లినప్పుడు చూపు మొదట టైర్ల మీద, తర్వాత క్యాబిన్ రంగు మీద పడుతుంది. ఇంజన్ దగ్గరకు వచ్చేసరికి అమ్మేవాడి మాటే ఆధారం అవుతుంది. అప్పు తెచ్చి పెట్టే డబ్బు కాబట్టి, ఇంజన్ మొరాయిస్తే రిపేరు ఖర్చుతో పాటు కిస్తీ కూడా మీ నెత్తినే ఉంటుంది. పాత డీజిల్ ఇంజన్లో ఏం చూడాలో తెలియాలంటే, దాన్ని కనిపెట్టిన మనిషి ఎక్కడెక్కడ తంటాలు పడ్డాడో తెలుసుకోవడం మంచి దారి. ఆయన ఏళ్ల తరబడి కుస్తీ పట్టిన చోట్లే ఇప్పటికీ పాత ఇంజన్లు దెబ్బతింటాయి.

డీజిల్ అంటే మనకు బంకులో పోయించుకునే ఆయిల్. నిజానికి అది ఒక మనిషి ఇంటిపేరు. రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మన్లు, తండ్రి తోలు పని చేసేవాడు. 1870లో ఫ్రాన్స్‌కూ జర్మన్లకూ యుద్ధం రావడంతో ఆ కుటుంబం కట్టుబట్టలతో లండన్ చేరింది. అక్కడ ఇల్లు గడవడం కష్టమై, 12 ఏళ్ల రుడాల్ఫ్‌ను జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పట్టణంలో బంధువుల ఇంటికి ఒంటరిగా పంపించారు. అక్కడే చదువుకుని మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరాడు. చివరి పరీక్షల వేళ టైఫాయిడ్ పట్టుకుంది. మళ్లీ పరీక్ష వచ్చేలోగా స్విట్జర్లాండ్‌లోని ఒక యంత్రాల ఫ్యాక్టరీలో చేతులకు మసి అంటించుకుని పని నేర్చుకున్నాడు. 1880 జనవరిలో పరీక్ష రాసి అత్యుత్తమ మార్కులతో బయటికొచ్చాడు.

ఆయన గురువు కార్ల్ వాన్ లిండె. మంచు తయారుచేసే యంత్రాలకు పేరుపొందినవాడు. ఆవిరి యంత్రం బొగ్గులోని వేడిని ఎంత దండగ చేస్తుందో క్లాసులో విన్న రోజు నుంచీ ఈ కుర్రవాడి మనసు దానిమీదే ఉండిపోయింది. పది బస్తాల బొగ్గు వేస్తే తొమ్మిది బస్తాల వేడి పనికి రాకుండా పోయే రోజులవి. పైగా ఆవిరి యంత్రం పెట్టుకోవాలంటే పెద్ద ఫ్యాక్టరీ వాళ్లకే సాధ్యం. చిన్న చేతిపనివాడు కూడా పెట్టుకోగలిగే ఇంజన్ రావాలన్నది డీజిల్ కోరిక. లిండె కంపెనీలో ఐస్ ఫ్యాక్టరీల పని చూస్తూనే అమ్మోనియాతో నడిచే ఇంజన్ కోసం ప్రయత్నించాడు. అది పేలి నెలల తరబడి ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది.

తర్వాత వేరే దారి పట్టాడు. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం వేడెక్కడం మీరు గమనించే ఉంటారు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఇంకా బాగా నొక్కితే, నిప్పురవ్వ లేకుండానే అందులో పడిన ఆయిల్ దానంతట అదే అంటుకుంటుంది. డీజిల్ ఇంజన్ కీలకం అంతా ఇదే. పెట్రోల్ బండికి ఉన్నట్టు దీనికి ప్లగ్గు ఉండదు. ఈ ఆలోచనకు 1892లో పేటెంట్ కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు, మరుసటి ఏడాది అది మంజూరైంది.

నిప్పుకు బదులు ఒత్తిడే పనిచేస్తుంది కాబట్టి, ఒత్తిడి నిలవని డీజిల్ ఇంజన్ ఎంత పెద్ద కంపెనీదైనా మీకు దండగే. మెకానిక్కులు దీన్నే కంప్రెషన్ అంటారు. లారీ చూడటానికి వెళ్లే ముందు ఇంజన్ స్టార్ట్ చేయొద్దని అమ్మేవాడికి చెప్పండి. చేరగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉందంటే మీరు రాకముందే దాన్ని తిప్పి ఉంచారన్నమాట, అలాంటప్పుడు మరో రోజు తెల్లవారుజామున వెళ్లడం మంచిది. చల్లటి ఇంజన్ సెల్ఫ్ కొట్టిన కాసేపటికే అందుకోవాలి. స్టార్ట్ అయ్యాక ఆయిల్ పోసే మూత తీయండి. కొంచెం ఆవిరి రావడం సహజం. మూతను బోర్లించి పెడితే ఎగిరిపడేంత జోరుగా పొగ కొడుతుంటే రింగులు, లైనర్లు అరిగిపోయినట్టే. అనుమానం ఉంటే మీటరు పెట్టి ఒక్కో సిలిండర్ కంప్రెషన్ చూడమని మీ మెకానిక్‌ను అడగండి. అన్నీ ఇంచుమించు ఒకేలా ఉండాలి. ఒకటి మాత్రం బాగా పడిపోయి ఉంటే హెడ్ విప్పక తప్పదు, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోవాలి.

మళ్లీ డీజిల్ దగ్గరకు వద్దాం. ఆగ్స్‌బర్గ్‌లోని యంత్రాల ఫ్యాక్టరీ, తుపాకులకు పేరుపడ్డ క్రుప్ కంపెనీ ఆయన ఆలోచనకు పెట్టుబడి పెట్టాయి. 1893 ఆగస్టులో మొదటి పరీక్ష జరిగింది. ఇంధనం అంటుకుంది గానీ, ఒత్తిడి కొలిచే పరికరం పేలి ముక్కలైంది. ఇంజన్ సొంతంగా తిరగలేదు. కాగితం మీద వేసిన లెక్కల్లో చాలా భాగం తప్పని ఆయనకు అర్థమైంది. మొదట అనుకున్న ఒత్తిడిని బాగా తగ్గించుకున్నాడు. 1894 ఫిబ్రవరి 17న ఇంజన్ మొదటిసారి తనంతట తాను తిరిగింది, అదీ ఒక్క నిమిషం. సరిగ్గా మూడేళ్లకు, 1897 ఫిబ్రవరి 17న మ్యూనిక్ ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ వచ్చి పరీక్షించి, ఇంధనంలోని వేడిలో 26.2 శాతం పనిగా మారుతోందని తేల్చాడు. అప్పట్లో అది నమ్మశక్యం కాని లెక్క.

ఆ ఏళ్లలో ఆయన్ని బాగా ఏడిపించింది ఇంధనాన్ని లోపలికి పంపే పని. సిలిండర్లో అంత ఒత్తిడి ఉన్నప్పుడు దానికి ఎదురుగా ఆయిల్‌ను సన్నగా, సరైన క్షణంలో, సరైన కొలతలో చిమ్మాలి. ఇప్పుడు ఆ పని చేసేది డీజిల్ పంపు, నాజిళ్లు. వాటి ఆరోగ్యం సైలెన్సర్ దగ్గర తెలుస్తుంది. బరువు లాగేటప్పుడు నల్లపొగ విపరీతంగా వస్తే గాలి చాలడం లేదు, లేదంటే డీజిల్ ఎక్కువ పడుతోంది. ఎయిర్ ఫిల్టర్ మార్చితే పోయే జబ్బు కూడా కావచ్చు. నీలిపొగ వస్తే ఇంజనాయిల్ కాలుతోంది, అది పెద్ద ఖర్చు. ఉదయం కాసేపు తెల్లపొగ వచ్చి ఆగితే ఫర్వాలేదు. వేడెక్కాక కూడా ఆగకపోతే కంప్రెషన్ తక్కువైనా అయ్యుండాలి, నాజిల్ కారుతున్నా ఉండాలి, హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్లు దిగుతున్నా ఉండాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే మాత్రం ఇక మాట్లాడకుండా వెనక్కి వచ్చేయండి.

1898 నాటికి డీజిల్ కోటీశ్వరుడు. అమెరికా హక్కులను అడాల్ఫస్ బుష్ అనే బీరు వ్యాపారి కొనుక్కున్నాడు. అయితే ఇంజన్ ఇంకా పూర్తిగా పదును దేలకముందే అమ్మకాలు మొదలయ్యాయి. ఆయన పేరుతో ఆగ్స్‌బర్గ్‌లో పెట్టిన కొత్త ఫ్యాక్టరీ నుంచి వెళ్లిన ఇంజన్లలో లోపాలు బయటపడ్డాయి. కొన్ని వెనక్కి వచ్చాయి, ఆ ఫ్యాక్టరీ నిలబడలేదు. డీజిల్ ఆరోగ్యం కూడా చెడి శానిటోరియంలో చేరాడు. ఆ ఇంజన్‌ను నిలబెట్టింది పాత యంత్రాల ఫ్యాక్టరీలోని ఇంజనీర్లు, పనివాళ్లు. ఒక్కో లోపాన్నీ పట్టుకుని ఏళ్ల తరబడి సరిచేసుకుంటూ వచ్చారు.

అందుకే మోడల్ ఎంచుకునేటప్పుడు మార్కెట్లోకి కొత్తగా దిగిన మొదటి బ్యాచ్ బండ్లకంటే, ఏళ్ల పాటు తయారై, మీ చుట్టుపక్కల రోడ్ల మీద ఇంకా తిరుగుతున్నవి మేలు. మీ దగ్గరి టౌన్లో రెండు మూడు స్పేర్ పార్టుల షాపులకు వెళ్లి ఆ ఇంజన్ రింగులు, లైనర్లు, గ్యాస్కెట్ సెట్టు అప్పటికప్పుడు దొరుకుతాయా అని అడగండి. ఆర్డర్ పెట్టాలి అన్నారంటే కోత సీజన్లో లారీ వారం రోజులు షెడ్డులో ఉంటుందని లెక్కేసుకోవచ్చు. లైనర్లు మార్చుకునే వీలున్న ఇంజన్ అయితే అరిగినా బ్లాకు పారేయనక్కర్లేదు.

వేరుశనగ వేసే రైతులకు నచ్చే ముచ్చట ఒకటుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపారు. తేడా చాలామంది గమనించలేదు కూడా. రైతు తన పంటతోనే ఇంజన్ నడుపుకునే రోజు రావచ్చని డీజిల్ తర్వాత ఆశపడ్డాడు. ఇది విని మీ లారీలో గానుగ నూనె పోయకండి. చిక్కటి నూనె నాజిళ్లలో జిగురు పట్టి పంపును పాడుచేస్తుంది.

ఇంజన్ విషయంలో అంత జాగ్రత్త పడ్డ మనిషి డబ్బు విషయంలో పడలేదు. మ్యూనిక్‌లో పెద్ద బంగళా కట్టాడు, భూముల వ్యాపారంలో, కలిసిరాని పెట్టుబడుల్లో పోగొట్టుకున్నాడు. 1912లో సెలాండియా అనే ఓడ డీజిల్ ఇంజన్లతో డెన్మార్క్ నుంచి బ్యాంకాక్ దాకా ప్రయాణించింది. ప్రపంచమంతా ఆయన పేరు మారుమోగుతోంది, ఇంట్లో మాత్రం అప్పులు పేరుకుపోతున్నాయి. 1913 సెప్టెంబర్ 29 రాత్రి బెల్జియం నుంచి ఇంగ్లండ్ వెళ్లే డ్రెస్డెన్ అనే స్టీమరులో భోజనం చేసి గదికి వెళ్లాడు. తెల్లారేసరికి మనిషి లేడు. కొన్ని రోజుల తర్వాత సముద్రంలో దొరికిన వస్తువులను కొడుకు గుర్తుపట్టాడు. ఎలా చనిపోయాడన్నది ఇప్పటికీ తేలలేదు. ఆయన ఎంత అప్పుల్లో ఉన్నాడో ఇంట్లోవాళ్లకు ఆ తర్వాతే పూర్తిగా తెలిసింది.

అమ్మకానికి వచ్చిన డీజిల్ లారీని ఆయన చూడనే లేదు. జర్మనీలో అవి 1924లో రోడ్డెక్కాయి. 1927లో బాష్ కంపెనీ చిన్న పంపులను పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాక ఊపందుకున్నాయి. పాత లారీల్లో ఉండే మెకానికల్ పంపు ఆ వంశానిదే. దాన్ని పంపు షాపులో విప్పి కాలిబ్రేషన్ చేయించుకోవచ్చు, కంప్యూటర్ అవసరం లేదు. సెన్సార్లున్న కామన్ రైల్ ఇంజన్ మైలేజీ బాగా ఇస్తుంది గానీ, కల్తీ డీజిల్‌ను, నీళ్లను అసలు తట్టుకోదు, రిపేరు కూడా ఖరీదే.

ఇంజన్ నచ్చినా ఆ రోజే అడ్వాన్సు ఇవ్వకండి. ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు ఆర్‌సీలో ఉన్నవేనా అని సరిచూసుకోండి. బండి మీద ఫైనాన్స్ బాకీ ఉంటే, అది తీరినట్టు ఎన్‌ఓసీ చేతికి వచ్చేదాకా ఆగండి. ఆ వయసు బండికి ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ ఎంత పడుతుందో ఆర్టీవో ఆఫీసులో కనుక్కోండి. నలుగురూ కలిసి కొంటుంటే రిపేరు ఖర్చులో ఎవరి వాటా ఎంతో ముందే కాగితం మీద రాసుకోండి.