బట్టలుతికిన బారిస్టరు

1869లో పోరుబందరున జన్మించిన మోహనదాసు గాంధీ, 1888లో లండను చేరిన క్రొత్తలో దుస్తుల మోజున పడి, పది పౌనులు పోసి సూటు కుట్టించుకొనెను.

పిమ్మట డర్బనులో న్యాయవాదిగా నున్నప్పుడు చలువఖర్చు బరువయ్యెను. డజన్లకొలది చొక్కాలు, కాలర్లు ఉన్నను వేళకు ఉతికి రాకుండెను. అంతట ఆయన పుస్తకము కొని ఆ విద్య నేర్చి, కస్తూరిబాకును నేర్పెను. తొలినాడు గంజి ఎక్కువై, ఇస్త్రీ చాలక, గంజి కారు కాలరుతోనే కోర్టుకు పోయెను. తోటి బారిస్టర్లు నవ్విరి, ఆయన చిన్నబుచ్చుకొనలేదు.

1912లో గోఖలే జోహాన్నెస్‌బర్గు వచ్చెను. 1901లో గతించిన రానడే తనకిచ్చిన కండువాను ఆయన ప్రాణపదముగా దాచుకొని, విశేషదినములందే ధరించెడివాడు. విందునాడు అది నలిగియుండెను. ఇస్త్రీ చేసెదనని గాంధీ అనగా, ఆయన వకీలుతనమును నమ్మిన గోఖలే ఈ పనితనమును నమ్మలేకపోయెను. తుదకిచ్చి, పని చూచి మెచ్చెను.

1921 సెప్టెంబరు 22న మదురలో, పేదలకు నిండుగా ఖద్దరు కొను శక్తి లేదని తలచి, గాంధీ కొల్లాయి గట్టెను. 1948లో కన్నుమూయువరకు అదియే ఆయన వేషము.

ఒకమారు తుడిచి పారవేయు కాగితపు రుమాళ్ళు ఇంటింట చేరిన ఈ దినములలో, గంజి కారిన ఆ కాలరును తలచుకొనుట మేలు.