బెంగుళూరు నాగరత్నమ్మ

బెంగుళూరు నాగరత్నమ్మ (నవంబర్ 3, 1878 - మే 19, 1952) ప్రసిద్ధ కర్ణాటక సంగీత విదుషీమణి, హరికథా కళాకారిణి. కావేరీ తీరాన తంజావూరు సమీపంలోని తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధిపై మందిరం నిర్మింపజేసి, అక్కడి ఆరాధనోత్సవాలలో స్త్రీలు పాడే అవకాశం కోసం పోరాడి సాధించినది ఈమెయే. ముద్దుపళని రచించిన 'రాధికా సాంత్వనము' అనే తెలుగు శృంగార కావ్యాన్ని సమగ్రంగా ప్రకటించినది కూడా ఈమెయే.

బాల్యము, విద్య

నాగరత్నమ్మ మైసూరు సమీపంలోని నంజనగూడులో దేవదాసీ కుటుంబంలో జన్మించింది. తల్లి పుట్టలక్ష్మి. చిన్ననాటనే సంగీతంతో పాటు సంస్కృతం, కన్నడం, తెలుగు భాషలు అభ్యసించింది. వాయులీన విద్వాంసుడు మునుస్వామప్ప వద్ద సంగీతం నేర్చుకున్నది. తరువాత మద్రాసులో స్థిరపడి, కచేరీల ద్వారా విశేషమైన కీర్తిని, ధనాన్ని ఆర్జించింది.

రాధికా సాంత్వనము

ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుని ఆస్థాన కవయిత్రి. ఆమె కావ్యానికి అంతకు ముందు వెలువడిన ముద్రణలో కొన్ని పద్యాలను, కవయిత్రి వంశ వివరాలను తొలగించారు. నాగరత్నమ్మ వ్రాతప్రతిని సంపాదించి, పూర్తి పాఠాన్ని 1910లో వావిళ్ళ వారి ద్వారా ప్రకటించింది. గ్రంథం అశ్లీలమని విమర్శలు చెలరేగగా, 1911లో ప్రభుత్వం దానిని నిషేధించింది. ఈ నిషేధం 1947లో తొలగింది.

సమాధి మందిర నిర్మాణము

త్యాగరాజు 1847లో సిద్ధి పొందాడు. ఆయన సమాధి శిథిలావస్థలో ఉన్నదని గురువులలో ఒకరైన బిడారం కృష్ణప్ప 1921లో తెలియజేయగా, నాగరత్నమ్మ తన నగలను, కూడబెట్టిన ధనాన్ని వెచ్చించి మందిర నిర్మాణానికి పూనుకొన్నది. 1921 అక్టోబరులో శంకుస్థాపన, 1925 జనవరి 7న ప్రతిష్ఠ జరిగాయి.

గానహక్కు

అప్పటికి త్యాగరాజ ఆరాధనను 'పెరియ కట్చి', 'చిన్న కట్చి' అనే రెండు వర్గాలు (పెద్ద పక్షం, చిన్న పక్షం) వేరువేరుగా జరిపేవి. ఈ రెండింటిలోనూ స్త్రీలు పాడటానికి వీలులేదు. ఆ రోజులలో బహిరంగంగా పాడే స్త్రీలలో అధికులు దేవదాసీలే. వారి పట్ల సమాజంలో ఉన్న చిన్నచూపు కూడా ఈ కట్టుబాటుకు ఒక కారణం. ఫలితంగా మందిరాన్ని కట్టించిన గాయని సైతం ఉత్సవంలో పాడలేని పరిస్థితి ఏర్పడింది. నాగరత్నమ్మ 1927లో స్త్రీలను కూడగట్టి, సమాధి వెనుక భాగాన ప్రత్యేకంగా ఆరాధన ప్రారంభించింది. దీనికి 'పెణ్గళ్ కట్చి' (స్త్రీల పక్షం) అనే పేరు వచ్చింది.

ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్, ఎస్.వై. కృష్ణస్వామి మొదలైనవారి కృషితో 1940లో త్యాగబ్రహ్మ మహోత్సవ సభ ఏర్పడింది. 1941 నుండి మూడు వర్గాలూ కలసి ఒకే ఆరాధన జరుపుతున్నాయి. స్త్రీలు పాడటానికి ఉన్న అడ్డంకి ఈ విధంగా తొలగింది.

దేవదాసీ చట్టంపై వైఖరి

నాగరత్నమ్మ మద్రాసు దేవదాసీల సంఘానికి నాయకత్వం వహించింది. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి ప్రతిపాదించిన దేవదాసీ వ్యవస్థ నిర్మూలనను, దానివలన కళాకారిణుల ఆస్తిహక్కులు, విద్య దెబ్బతింటాయనే భావంతో వ్యతిరేకించింది. మద్రాసు ప్రభుత్వం 1947లో ఈ వ్యవస్థను చట్టరీత్యా రద్దు చేసింది.

చివరి రోజులు

నాగరత్నమ్మ చివరి సంవత్సరాలను తిరువయ్యారులోనే గడిపింది. తన ఆస్తిని సమాధి మందిర నిర్వహణకు వ్రాసి ఇస్తూ, దేవదాసీలతో సహా స్త్రీలందరికీ అక్కడ సంగీతార్చన చేసే హక్కు ఉండాలని షరతు పెట్టింది. 1952లో మరణించిన ఈమె సమాధి త్యాగరాజ సమాధికి సమీపంలోనే ఉన్నది. ఏటా పుష్య బహుళ పంచమి నాడు జరిగే ఆరాధనలో స్త్రీ పురుషులు కలసి త్యాగరాజు పంచరత్న కీర్తనలను గానం చేస్తారు.